శవం ఊపిరి పీల్చిన షాట్

‘నీలికోటు హంతకుడు’ సినిమాలో ఉన్న తప్పులన్నీ ఇకమీదట తప్పులు కావని, లోకమే వాటికి తగ్గట్టు నడుచుకోవాలని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఒక విమర్శకుడు ఆ తప్పులను టీవీలో ఏకరువు పెడితే అభిమానుల మనోభావాలు దెబ్బతిని రెండు బస్సులు తగలబడ్డాయి మరి. ఆ పాత క్రైం సినిమాను ముట్టుకుంటే జనం ఊరుకోరు. లోకాన్ని ముట్టుకుంటే అడిగేవాడు లేడు.

అమలు సాఫీగానే సాగింది. సినిమాలో హీరో జోరువానలో తడిసి, గుమ్మం దాటగానే పొడిబట్టలతో కనిపిస్తాడు. కాబట్టి ఆ ఏడాది వరద బాధితులు శిబిరం గుమ్మం దాటగానే తడవనివాళ్లయ్యారు, దుప్పట్లు మిగిలాయి. విచారణ గదిలో గోడ గడియారం ఒక షాట్‌లో తొమ్మిది, తర్వాతి షాట్‌లో మూడు చూపిస్తుంది. కాబట్టి నిందితుణ్ణి ఒక్కరోజులో కోర్టుకు తేవాలన్న నిబంధనను పోలీసులు ఎన్నడూ మీరలేదు, ఎన్నాళ్లు ఉంచుకున్నా సరే.

హంతకుడి గాటు మొదట ఎడమ చెంప మీద ఉండి, కోర్టు సీనుకు కుడి చెంపకు చేరుతుంది. జూట్ మిల్లు కార్మికుడు అసిరినాయుడికి చిక్కొచ్చిపడింది ఇక్కడే. నగల దుకాణం దోచిన దొంగకు ఎడమ చెంపన గాటుందని సాక్షి చెప్పాడు. నాయుడికి కుడి చెంపన ఉంది. అది చాలింది. నేరం ఒప్పించడానికి స్టేషన్లో చేయగలిగిందంతా చేశారు. ఆ తర్వాత చనిపోయాడని రాసి ఆస్పత్రికి పంపారు.

భార్య మరిడమ్మ పరుగున వచ్చి చూస్తే అతని ఛాతీ లేచి పడుతోంది.

“డాట్రు బాబూ, మా ఇంటాయన ఊపిరి పీలస్తన్నాడు!”

“పీలుస్తాడమ్మా,” అన్నాడు డాక్టరు. “సినిమాలో జమీందారు శవం కూడా పీల్చింది. అంతమాత్రాన బతికున్నట్టా?”

“మరెలాగైతే బతికున్నట్టు బాబూ?”

డాక్టరు మంచివాడే, కాసేపు ఆలోచించాడు. “ఆ శవం మాట్లాడలేదు. మీ ఆయన ఒక్క మాట మాట్లాడితే బతికున్నట్టు రాసిస్తాను. ఇన్‌స్పెక్టర్ గారి ముందే మాట్లాడాలి. కేసు ఆయనది కదా.”

ఇన్‌స్పెక్టర్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. “బతికుంటే మాకూ సంతోషమే,” అన్నాడు. “మిగతా విచారణ పూర్తి చేసుకుంటాం.”

మరిడమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. “ఒక్క మాట ఆడయ్యా. నా పేరైనా పిలువు.”

అసిరినాయుడు కళ్లు తెరిచాడు. ఆమెను చూశాడు. ఇన్‌స్పెక్టర్‌ని చూశాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

 మరిడమ్మకు సంగతి బోధపడింది.

“నానే పొరబడ్డాను బాబూ,” అంది. “మా ఇంటాయన పోనాడు.”

శవాన్ని ఆమెకు అప్పగించారు. ఒళ్లు కాస్త స్వాధీనంలోకి వచ్చాక అసిరినాయుడు మళ్లీ మిల్లుకు వెళ్లడం మొదలుపెట్టాడు. అతని షిఫ్టులో అప్పటికే సగం మంది చనిపోయినవాళ్లు. ఊపిరి పీలుస్తారు, పని చేస్తారు, ఎవరేమడిగినా నోరు విప్పరు. యాజమాన్యానికి వాళ్ల మీద ఒక్క ఫిర్యాదూ లేదు.