మినీ శాండ్‌విచ్‌కు జేజేలు

పొద్దున్నే లేచి వేడివేడిగా అన్నం వండి పిల్లలకు క్యారేజీ కట్టే తల్లులంతా పిల్లల చదువుకు శత్రువులు!

కోప్పడకండి. నేను ఊరికే అనడం లేదు. ఒక్క పప్పన్నం క్యారేజీ పిల్లల్ని ఎంత వెనక్కి లాగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? మూత తీయాలి. కలుపుకోవాలి. నెయ్యి పేరుకుపోయిందని మొహం చిట్లించాలి. తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గర లైన్లో నిలబడాలి. ఆలోపు పక్క స్కూలు పిల్ల రెండు లెక్కలు చేసి పారేస్తుంది!

అంగలకుదురులో ఉండే గౌతమి కూడా మొన్నమొన్నటిదాకా ఇలాంటి వెనకబడిన తల్లే. ఆమె కూతురు సాహితి రెండో తరగతి. తెనాలిలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలుకు బస్సులో వెళ్ళొస్తుంది. ఆ పిల్లకు పెద్ద జబ్బే ఉంది. అన్నం నెమ్మదిగా తింటుంది! ఇది అమ్మ ముద్ద, ఇది నాయనమ్మ ముద్ద అని వరసలు పెట్టుకుంటూ కూర్చునేసరికి బెల్లు కొట్టేస్తారు. క్యారేజీ సగం తిరిగొస్తుంది. బడి నుంచి వచ్చి బ్యాగు కింద పడేసి "ఆకలమ్మా" అంటూ వంటింట్లోకి పరిగెత్తుతుంది.

క్లాస్ టీచర్ ఫోన్ చేసి సెలవిచ్చింది. "అన్నాలూ కూరలూ వద్దు మేడమ్. చేత్తో పట్టుకుని టకటకా తినేసేవి ఏవైనా పంపండి."

గౌతమి బాపట్లలో ఉన్న ఆడపడుచు పద్మజకు వీడియో కాల్ చేసింది. అలా ఆ ఇంట్లోకి ఒవెనూ మినీ శాండ్‌విచ్చూ జంటగా గృహప్రవేశం చేశాయి.

విధానం చాలా సులువు. ఆదివారం పొద్దున బజారుకెళ్ళి చిన్నచిన్న బన్నులు తేవాలి. ఒక్కోదాన్నీ మధ్యకి కోసి కొత్తిమీర పచ్చడి రాయాలి. బంగాళాదుంప కూర కూరాలి. పైన వెన్న పూసి ఒవెన్‌లో కాల్చాలి. చల్లారాక దేనికదే ఫాయిల్‌లో చుట్టి ఫ్రీజర్లో పేర్చాలి. సాయంత్రానికల్లా వారం రోజుల లంచ్ సిద్ధం! రోజూ పొద్దున అరగంట మిగుల్చుకోవడం కోసం ఆదివారం మొత్తం పోతుందని గొణిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు పొదుపు అంటే తెలియదు.

అత్తగారు బసవమ్మ ఫ్రీజర్ తలుపు తీసి చూసింది.

"ఏంటమ్మా ఇది? ఆదివారం వండింది గురువారం పెడతావా పిల్లకి? మా కాలంలో దీన్ని చద్ది అనేవాళ్ళం."

"మీ అమ్మాయే చెప్పిందత్తయ్యా."

"ఎవరు, పద్మజా?" బసవమ్మ తలుపు నెమ్మదిగా వేసింది. "అయితే బాగానే ఉంటుందిలే. దాని చెయ్యి మొదట్నుంచీ మంచిది."

చూశారా? కోడలు చేస్తే చద్ది. కూతురు చెబితే టెక్నాలజీ!

ఫలితం అమోఘం. సాహితి డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. పక్క పిల్లల తల్లులూ అదే దారి పట్టారు. క్లాసు క్లాసంతా పది నిమిషాల్లో తినేసి చేతులు దులుపుకోవడం ప్రిన్సిపాల్ వినయ్ కుమార్ గారి కంట పడింది. చదువుకున్నవారు కదా, వెంటనే ఆలోచించారు. పది నిమిషాల్లో అయిపోయే భోజనానికి అరగంట దేనికి? లంచ్ పావుగంట చేశారు. మిగిలింది స్టడీ అవర్. తల్లులకు పొద్దున వంట పని కూడా లేదని తెలిసి, బస్సును అరగంట ముందుకు జరిపారు.

గౌతమి పొదుపు చేసిన అరగంట ఎక్కడికీ పోలేదు. స్కూలు వారి దగ్గర భద్రంగా ఉంది!

డబ్బాలు తీసి, తిని, నీళ్ళు తాగి వచ్చేసరికి పావుగంట అందరికీ చాలలేదు. గౌతమి శాండ్‌విచ్ సైజు తగ్గించింది. పిల్లలు మళ్ళీ గెలిచారు. సార్ లంచ్ పది నిమిషాలు చేశారు. గౌతమి ఇంకా తగ్గించింది. ఇప్పుడవి ఉసిరికాయలంత ఉన్నాయి. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటాయో!

మొన్న ఆదివారం గౌతమి ఒవెన్ దగ్గర ఉంటే, బసవమ్మ మనవరాలిని కూర్చోబెట్టి పప్పన్నం కలిపి పెట్టింది. సాహితి గబగబా నాలుగు ముద్దలు నోట్లో కుక్కుకుంది. గుటుక్కున మింగింది. పొలమారింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగానే చెయ్యి పైకెత్తింది.

"అయిపోయింది మిస్!"

"మిస్సేంటే నా తల్లీ, నేను నాయనమ్మని! ఎవరు తరుముతున్నారే నిన్ను? నమిలి తిను" అంది బసవమ్మ, పిల్ల తల మీద తడుతూ.

గౌతమి ఒవెన్ ఆపేసింది. మామూలుగా నలుగురిలో నోరు విప్పని మనిషి. అయినా మర్నాడు స్కూలుకు వెళ్ళింది. ప్రిన్సిపాల్ గారు అప్పుడే భోజనానికి కూర్చున్నారని ఆయా చెప్పింది. నాలుగు గిన్నెల క్యారేజీ. పప్పు, వేపుడు, పులుసు, గడ్డ పెరుగు. బయట బల్ల మీద గౌతమి కాచుకుని కూర్చుంది. ఆమె ఎదురుగానే పిల్లల లంచ్ బెల్లు కొట్టారు, అయిపోయిన బెల్లూ కొట్టారు. సార్ అప్పటికి పులుసులోకి వచ్చారు. పెద్దవాళ్ళు కదా, నిదానంగా తినాలి.

లోపలికి పిలిచాక గౌతమి నిలబడే చెప్పింది.

"సార్, పిల్లలు నమలకుండా మింగేస్తున్నారండి. మా పాపకి నిన్న ఊపిరాడలేదు. ఇంకో పది నిమిషాలు ఇవ్వండి సార్."

ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుని నిజంగానే ఆలోచించారు. "సిలబస్ ఒప్పుకోదమ్మా. అయినా మీరు మా బెస్ట్ పేరెంట్. ఇంకొంచెం చిన్నవి చెయ్యలేరా?"

ఎందుకు చెయ్యలేకపోతుంది? ఓపిక గల మనిషి. కొయ్యడం ఆదివారమే అయిపోతోంది. కాల్చడం, చల్లార్చడం, చుట్టడం, అన్నీ ఆదివారమే. సోమవారం నుంచి శనివారం దాకా మిగిలిపోతున్న పని ఒక్కటే, నమలడం. ఆ ఒక్కటీ కూడా ముందే పూర్తి చేసి ఫ్రీజర్లో పెట్టుకునే విధానం మీలో ఎవరికైనా తెలిస్తే, పుణ్యముంటుంది, అంగలకుదురుకు ఒక కబురు పంపండి.