సరికొత్త పురాతన భవనం

"రాయ్‌పూర్ తెలుగువాళ్ల చరిత్ర ఈ రోజుతో రైల్వే క్వార్టర్ల నుంచి బయటపడింది. ఇకమీదట మనకూ ఒక ఎస్టేటు ఉంది" అని దేవేంద్ర నగర్ కమ్యూనిటీ హాల్లో మైకు పట్టుకుని చిన్నారావు ప్రకటించాడు.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. 'మనకూ' అన్న మాట నమ్మి కొట్టినవాళ్లకు, ఆ ఎస్టేటు ఒక్క చిన్నారావు పేరు మీదే రిజిస్టరైందని తర్వాత తెలిసింది. అప్పటికి చప్పట్లు వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది.

చిన్నారావు రైల్వేలో కట్టడాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఒకే మూసలో క్వార్టర్లు కట్టించడంతోనే సరిపోయింది. అవి ఎంత ఒకేలా ఉండేవంటే, ఓ సాయంత్రం తానే పక్కవాళ్ల క్వార్టర్లోకి వెళ్లి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మంచినీళ్లు తెమ్మని కేకేశాడు. అలాంటివాడికి జీవితంలో ఒక్కసారైనా ప్రత్యేకమైన కప్పు కింద నిలబడాలనిపించడంలో తప్పేమీ లేదు.

అభన్‌పూర్ దాటాక ధమ్తరీ రోడ్డు నుంచి లోపలికి వెళితే ఒక పాత మాల్గుజారు పొలం ఉంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఊరి శిస్తు వసూలు చేసిన భూస్వామిని ఇక్కడ మాల్గుజారు అంటారు. ఆయన మనవలు తమలో తమకు పడక దాన్ని అమ్మేశారు, చిన్నారావు కొన్నాడు. అందులో ఒక పశువుల శాల, ఒక ధాన్యపు కొట్టు, బళ్లు నిలిపే పాక తాలూకు నాలుగు స్తంభాలు మిగిలి ఉన్నాయి.

ఆ ధాన్యపు కొట్టును కట్టినవాడెవరో గానీ పని తెలిసి కట్టాడు. నేల చెమ్మ తగలకుండా రాతి దిమ్మల మీద నిలబెట్టాడు. గట్టి సాల్ చెట్టు కర్ర స్తంభాల మధ్య, లోపల మనిషి దాక్కోగలిగినంత మందంగా మట్టిగోడలు పెట్టాడు. నాటు పెంకుల కప్పును బాగా కిందికి దించాడు, గోడ మీద ఎండ పడదు. చూరు కింద వరసగా చిన్న చిన్న కన్నాలు వదిలాడు, లోపలి వేడి అట్నుంచి అటే పోతుంది. తలుపు స్థానంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన చెక్క పలకలు ఉంటాయి. ధాన్యం తగ్గేకొద్దీ పైనుంచి ఒక్కొక్కటే తీస్తారు.

చిన్నారావు భార్య వరహాలమ్మ మొదటి వేసవిలోనే ఆ కొట్టు విలువ కనిపెట్టింది. సగం వడ్లతో నింపి, మిగతా సగంలో చాప పరిచి, మధ్యాహ్నం కునుకు తీసేది. శాలలో రెండు గేదెల్ని కట్టింది. ఆవిడకు ఎస్టేటు అంటే అంతే.

చిన్నారావుకు అంతటితో సరిపోలేదు. గేటుకు 'చిన్నారావు ఎస్టేట్' అని బోర్డు కొట్టించాడు. తమ తాతలు శ్రీకాకుళం వైపు పెద్ద జమీందార్లని, గాలి మార్పు కోసం రాయ్‌పూర్ వచ్చారని చెప్పసాగాడు. మే నెలలో రాయ్‌పూర్ గాలి ఎరిగినవాళ్లెవరూ ఆ మాట నమ్మలేదు. అయినా మర్యాదగా తలూపారు.

ఇంతలో 'చారిత్రక వ్యవసాయ కట్టడాల మిత్రమండలి' అనే సంఘం ఒకటి జిల్లాలో ఉత్తమ కట్టడానికి ఇత్తడి ఫలకం ఇస్తామని ప్రకటించింది. దానికి అధ్యక్షురాలు తెలీబంధాలో ఉండే రిటైర్డ్ ప్రిన్సిపాల్ రెబెకా మేడమ్, కార్యదర్శి రిటైర్డ్ రైల్వే గార్డు కోటయ్య. చిన్నారావుకు నిద్ర పట్టలేదు. సలహా కోసం యోగేష్‌ని పిలిపించాడు. యోగేష్ రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, ఆర్కిటెక్టు. హోటళ్లకు కోటల్లాంటి ముఖాలు తగిలించి పేరు తెచ్చుకున్నాడు.

యోగేష్ కొట్టు చుట్టూ తిరిగాడు. ఫోన్‌తో ఫోటో తీసి చూసి, పెదవి విరిచాడు.

"పురానా ఉంది అంకుల్, మాన్తా హూఁ. కానీ హెరిటేజ్‌లా లేదు."

"రెండింటికీ తేడా ఏటి బాబూ?"

"పురానా అంటే పాతబడిపోయింది, బస్. హెరిటేజ్ అంటే ఫోటోలో కనబడాలి. ఒక్క కమాను లేదు. ఒక్క గుండ్రటి స్తంభం లేదు. చూసేవాళ్లకి ఏం సమఝ్ అవుతుంది?"

చిన్నారావు కొట్టు వైపు చూశాడు. పెళ్లి పందిట్లోకి బనీనుతో వచ్చిన దగ్గరి బంధువులా కనిపించింది.

అలా కొట్టు వెనకాల ఒక కొత్త హాలు లేచింది. థర్మల్ ప్లాంటు బూడిదతో చేసే కొత్తరకం బూడిద ఇటుకలతో గోడలు, పైన కాంక్రీటు శ్లాబు, ముందు ఐదు కమాన్లు, ఏ బరువూ మొయ్యకుండా ఊరికే నిలబడే లావుపాటి స్తంభాలు. ముఖద్వారం మీద రెండు సింహాలు. సిమెంటు ఆరకముందే టీ రంగు పూత పూశారు. సైన్‌బోర్డులు రాసే పెయింటరు నిచ్చెనెక్కి గోడల మీద పగుళ్లు గీశాడు. అక్కడ చిన్నారావులోని పాత ఉద్యోగి ఊరుకోలేకపోయాడు.

"ఆ పగులు నిటారుగా గీశావేటి? పునాది కుంగితే కిటికీ మూల నుంచి ఏటవాలుగా రావాలి. చెరిపి మళ్లీ గియ్యి" అన్నాడు.

కట్టిన సంవత్సరం ఏదని చెప్పుకోవాలన్న దగ్గర పేచీ వచ్చింది. 1850 అంటే నమ్మరని, 1910 అంటే మెచ్చుకోరని యోగేష్ అభిప్రాయం. 1890 దగ్గర రాజీ కుదిరింది.

మిగిలిన చిక్కు ఒక్కటే. గేటు నుంచి చూస్తే పురాతన హాలుకు అడ్డంగా ఆ పాత కొట్టు నిలబడి ఉంది. చరిత్ర కనపడాలంటే దాన్ని కూల్చక తప్పదన్నాడు యోగేష్. కూలీలు గునపాలతో వచ్చారు. పొద్దుటినుంచి పొడిస్తే ఒక్క మూల మాత్రం ఊడింది. ఊడిన పెళ్లలో కలిపిన గడ్డి ఇంకా పచ్చగా, నిన్న కోసినట్టు ఉంది. చప్పుడుకు వరహాలమ్మ బయటికొచ్చి పలకల ముందు నిలబడింది.

"లోపల నా వడ్లున్నాయి. ఎక్కడ పోస్తారేటి?"

"హాల్లో పోయిద్దాం వరాలూ. బోలెడంత జాగా."

"ఆ హాల్లోనా? సాయంత్రానికి పేలాలైపోతాయి."

కూలీలు నవ్వు ఆపుకుంటూ బీడీలకు కూర్చున్నారు. మండలి రాక ముంచుకొచ్చింది కాబట్టి కూల్చివేత తర్వాత పెట్టుకుని, కొట్టుకూ శాలకూ కలిపి అడ్డంగా షామియానా గుడ్డ కట్టించారు. దాని మీద 'సుస్వాగతం' అని రాయించారు.

మండలి మే నెల మిట్టమధ్యాహ్నం వచ్చింది. రెబెకా మేడమ్ కళ్లజోడు సవరించుకుని మొదటి కమానును అరచేత్తో తడిమింది.

"చూశారా? సున్నం, బెల్లం, మారేడు గుజ్జు. ఈ పట్టు ఇప్పటి సిమెంటుకు వస్తుందా?"

సిమెంటు బస్తాలు స్వయంగా దింపించుకున్న చిన్నారావు తల వంచుకున్నాడు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. కోటయ్య ఏటవాలు పగులు దగ్గర ఆగి, "ఎన్ని తరాల సుఖదుఃఖాలు చూసిందో" అంటూ దాన్ని వేలితో నిమిరాడు. వేలికి గోధుమ రంగు అంటింది. చరిత్ర అంటిందనుకుని తుడుచుకోలేదు.

హాల్లో కుర్చీలు వేసి సన్మానం మొదలుపెట్టారో లేదో, కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. శ్లాబు నుంచి వేడి దిగడం మొదలైంది. పావుగంటలో కుర్చీ చేతులు ముట్టుకునేలా లేవు. ఒక సభ్యుడు ఫోన్‌కి సిగ్నల్ అందడం లేదని లేచాడు. ఇంకొకాయన ఆయన్ని వెతకడానికి వెళ్లాడు. కోటయ్య చేతులు కడుక్కొస్తానన్నాడు. రెబెకా మేడమ్ పదవికి తగ్గట్టు చాలాసేపు కదలలేదు. చివరికి నుదురు ఒత్తుకుంటూ, "వీళ్లంతా క్రమశిక్షణ లేకుండా ఎటు పోయారు? నేనే వెళ్లి పిలుచుకొస్తాను" అని వెళ్లింది. ఆవిడా తిరిగి రాలేదు.

ఐదు కమాన్లతో ఒంటరిగా మిగిలిన చిన్నారావు కూడా లేచాడు. సుస్వాగతం గుడ్డ పైకెత్తి చూశాడు.

మండలి మొత్తం ధాన్యపు కొట్టులో ఉంది. చాపల మీద వరసగా కూర్చుని, వీపులు మట్టిగోడకు ఆనించి, అందరూ మజ్జిగ తాగుతున్నారు. కోటయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. వరహాలమ్మ అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ ఇంకో చెంబుతో తెచ్చి వంచుతోంది. పక్క శాలలో గేదె ఒకటి తీరిగ్గా నెమరు వేస్తోంది.

చిన్నారావు కూడా ఓ మూల కూర్చుని వీపు గోడకు ఆనించాడు. చల్లదనం చొక్కా దాటి ఒంట్లోకి దిగింది. తలెత్తి చూరు కింది కన్నాలు చూశాడు. వాటిలోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా పడుతోంది. తాను కట్టించిన అన్ని క్వార్టర్లలోనూ వేసవిలో ఒక్కరైనా ఇలా కళ్లు మూసుకుని కూర్చున్నారా అనుకున్నాడు. కూర్చోలేదని అతనికి తెలుసు, ఫిర్యాదులన్నీ తన బల్ల మీదికే వచ్చేవి. గునపం తగిలిన మూల కళ్ల ముందే ఉంది. అటు చూడలేకపోయాడు.

"ఇక్కడే మీటింగు కానిచ్చేద్దాం. టైమ్ వేస్ట్ ఎందుకు?" అంది రెబెకా మేడమ్.

కోటయ్య మట్టిగోడకు కాగితం ఆనించి రాసి, పైకి చదివాడు. "సదరు ఐదు కమాన్ల హాలును అత్యుత్తమ చారిత్రక వ్యవసాయ కట్టడంగా గుర్తించి ఫలకం ప్రదానం చేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. మరియు, సదరు హాలు శోభకు భంగకరముగా ఉన్న పాత మట్టి కట్టడమును సత్వరమే తొలగించవలసినదిగా యజమానికి సూచించడమైనది."

"సదరు మట్టి కట్టడం అంటే ఇదేనా?" అని వరహాలమ్మ అడిగింది.

"ఇదేనమ్మా" అన్నాడు కోటయ్య, కొంచెం సర్దుకుని కూర్చుంటూ.

"అలాగే తీసేయించండి. ముందు మీరు లేవాల మరి."

ఎవరూ లేవలేదు. తీర్మానం మాత్రం నెగ్గింది.

ఎండ వాలాక ఫలకం బిగించడానికి హాలు దగ్గరికి వెళ్లారు. కోటయ్య మేకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. తలుపు రెక్కంత పూత పెళపెళమని ఊడి కాళ్ల ముందు పడింది. ఏటవాలు పగులు కూడా దాంతోపాటే రాలిపోయింది. లోపల కొత్త బూడిద ఇటుకలు, ఒక్కో ఇటుక మీదా బట్టీవాళ్ల ఫోన్ నంబరుతో సహా, బారులు తీరి కనిపించాయి.

చిన్నారావు చెవులు వేడెక్కాయి. ఇప్పుడే భూమి రెండుగా చీలితే బాగుండుననుకున్నాడు. రెబెకా మేడమ్ కళ్లజోడు పెట్టుకుని ఇటుకల్ని చూసింది. ఫోన్ నంబరు చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"పద్దెనిమిది వందల తొంభైలోనే బూడిద ఇటుక! ఏం ముందుచూపండీ. కోటయ్య గారూ, నోట్ చేసుకోండి."

కోటయ్య నోట్ చేసుకున్నాడు.

చిన్నారావు ఆవిడ ముఖంలోకి చూశాడు. అందులో అనుమానం లేదు, వెక్కిరింత లేదు. ఈ ఫలకం వ్యవహారం తొందరగా తెమిలిపోవాలన్న ఆత్రం మాత్రమే ఉంది. సిగ్గు ఎటు పోయిందో పోయి, అతనికి ఒక్కసారిగా నవ్వొచ్చింది.

"మేడమ్, ఈ గోడకి మేకు నిలవదండి. మేకు పట్టే చోటు నాకు తెలుసు" అని ఫలకం అందుకున్నాడు. సుస్వాగతం గుడ్డ ఒక్క గుంజు గుంజి కింద పడేశాడు. కొట్టు ముందరి సాల్ స్తంభానికి ఫలకం ఆనించి, మేకులన్నీ తానే దిగ్గొట్టాడు.

"తాత్కాలికంగానే కదా?" అంది రెబెకా మేడమ్.

"మీ నియమావళి చదివానండి. ఫలకం బిగించిన కట్టడాన్ని కూల్చకూడదు, మార్చకూడదు, ఫలకం తీయకూడదు. రూల్ అంటే రూల్ కదండీ."

కోటయ్య సంచిలోంచి నియమావళి తీసి తిరగేశాడు. అలాగే ఉంది. ఉద్యోగమంతా రూల్సుతో బతికిన మనుషులు కావడంతో ఇద్దరూ తలూపారు.

మర్నాడు వచ్చిన కూలీల చేత చిన్నారావు బంకమట్టి, గడ్డి కలిపి తొక్కించాడు. ఊడిన మూలకు తానే దగ్గరుండి మెత్తించాడు. హాలు వరహాలమ్మ చేతికొచ్చింది. అక్కడ వడియాలు పొద్దున పెడితే మధ్యాహ్నానికే ఎండిపోతున్నాయని, పిట్టల బెడద కూడా లేదని ఆవిడ మహా సంతోషించింది.

వానలకు ముందు ఓ రోజు రెబెకా మేడమ్ ఒక్కతే వచ్చింది. పరిశీలన కోసం అంది. కొట్టులో చాప మీద రెండు గంటలు పరిశీలించింది. లేచి, జుట్టు సర్దుకుని, మజ్జిగ తాగి, గొంతు తగ్గించింది.

"చిన్నారావు గారూ, తెలీబంధాలో మా ఇంటి వెనకాల ఇలాంటి గది ఒకటి కట్టించుకోవాలని ఉందండి. ఇదే మట్టి, ఇవే పెంకులు, ఇలాగే కన్నాలు. ఒక్కటే షరతు. బయటినుంచి చూసేవాళ్లకు పాతదానిలా కనపడకూడదు. పెద్దపెద్దవాళ్లు వస్తూ పోతూ ఉంటారు, బాగుండదు."

చిన్నారావు అక్కడే ఫోన్ తీసి యోగేష్‌కి కలిపి సంగతి చెప్పాడు.

"అరే, చింతా మత్ కరో అంకుల్" అన్నాడు యోగేష్. "ముందు నుంచి పూరా నల్ల అద్దాలు బిగించేద్దాం. లోపల మట్టి ఉందని ఎవరికీ పతానే ఉండదు."