ఎడంపక్క అద్దం

చెంచురామయ్య పికప్ బండికి రెండు డోర్ల అద్దాలూ రెండేళ్లుగా ఎక్కవు, దిగవు. కుడిపక్కది సగంలో ఆగింది. ఎడంపక్కది పూర్తిగా పైన ఆగింది. భార్య శీనమ్మ వారం రోజులు పోరుపెడితే, ఆదివారం మధ్యాహ్నం ఉదయగిరిలో ఇంటి ముందు బండి నిలబెట్టి, డోర్ల లోపలి అట్టలు విప్పి, తుప్పు గీకి, గ్రీసు పూశాడు. హ్యాండిల్ తిప్పితే రెండద్దాలూ దిగాయి.

ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేసిన పని తాను చేశానన్న సంతోషం అతనికి ఒక బీడీ కాలేంతసేపు ఉంది. తరవాత ఎడంపక్క డోరు వంక చూశాడు. ఆ పక్క కూర్చునేది శీనమ్మ.

అద్దం దిగే రోజుల్లో శీనమ్మ తల బయటపెట్టి రోడ్డు మీద కనిపించిన ప్రతివాళ్లనూ పలకరించేది. పలకరించి ఊరుకునేది కాదు, ఎక్కించుకునేది. దుత్తలూరు చేరేలోపు బండి పన్నెండు చోట్ల ఆగేది. తోటి డ్రైవర్లు అతనికి పల్లెవెలుగు చెంచురామయ్య అని పేరు పెట్టారు. అద్దం బిగుసుకుని, శీనమ్మ బస్సుల్లో తిరగడం మొదలుపెట్టాక గానీ ఆ పేరు పోలేదు.

సోమవారం పదింటికి అతను ఆత్మకూరులో ఉండాలి. అక్కడి పశువుల దాణా కొట్టు చంద్రమోహన్ ఫోన్లో ఒక్కటే మాట చెప్పాడు. "టయానికొస్తే వారానికి మూడు ట్రిప్పులు నీయే. లేదంటే ఇంకో బండి చూసుకుంటా." మూడు నెలలుగా బండికి సరైన బాడుగ లేదు. శీనమ్మేమో ఆత్మకూరులో చెల్లెలింటికి తానూ వస్తానంది.

పక్కింట్లో చెంచాలు చెక్కే అల్లాబకాష్ వాకిట్లో చెక్క ముక్కలు పడివున్నాయి. చెంచురామయ్య ఒకటి తెచ్చి, ఎడంపక్క అద్దాన్ని పైకెక్కించి, దాని కింద ఇరికించి, అట్ట బిగించాడు.

"అయిందా?" అంది శీనమ్మ, టీ తెచ్చి.

"నాది అయింది. నీది మొండిది మే. లొంగలా."

"నా పక్కది ఏది లొంగింది నీకు?" అని గ్లాసు చేతికిచ్చి లోపలికి పోయింది.

మర్నాడు ఏడున్నరకు బయల్దేరారు. ఎండ ఎడంపక్కే. ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోయారో లేదో శీనమ్మ అంది.

"ఏమయ్యా, బండి ఆపు."

"ఎందుకు?"

"ఈ డబ్బాలో ఉడకతా ఉండా. వెనక కూర్చుంటా. గాలన్నా వస్తాది."

"వెనక దుమ్ము మే!"

"దుమ్మైతే దులుపుకోవచ్చు. ఉడికినాక ఏం జేస్తావు?"

ఆమె దిగి వెనక్కి ఎక్కింది. దుత్తలూరు దగ్గర క్యాబిన్ పైన ఒక దెబ్బ పడింది. ధబ్. బండి ఆగింది.

ఆపింది అతను కాదు, అతని కాలు. లారీ మీద ఆరేళ్లు క్లీనరుగా, పదేళ్లు డ్రైవరుగా చేసిన మనిషి. వెనకనుంచి ఒక దెబ్బ పడితే ఆపాలి, రెండు పడితే పోవాలి. ఎందుకని అడగకూడదు. రోడ్డు పక్కన నిలబడ్డ హన్నమ్మ, ఆమె రెండు మేకలు ఎక్కాక ధబ్ ధబ్ అంది. కాలు యాక్సిలరేటరు మీదికి పోయింది.

"ఇంక ఆపేది లేదు," అని తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు. ధబ్. ఆగింది. ఆ కాలికి చెవులున్నాయి గానీ బుద్ధి లేదు.

వింజమూరు చేరేసరికి వెనక ఏడుగురు మనుషులు, రెండు మేకలు, ఒక కుట్టు మిషను. ఊరు దాటాక మళ్లీ ధబ్. రోడ్డు పక్కన ఒక మనిషి పంక్చరైన బైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చెంచురామయ్య కుడిపక్క అద్దం దించి తల బయటపెట్టాడు.

"ఎక్కిచ్చుకోబాక మే! ఆడ నా బాడుగ పోతాది! వాణ్ణి నడిచి రమ్మను!"

"బైకుతో యాడ నడస్తాడయ్యా? రా అన్నా, బిన్నా ఎక్కు, టయమైపోతా ఉంది," అంది శీనమ్మ.

మేకలు తప్ప అందరూ ఒక చెయ్యి వేసి బైకును పైకి లాగారు. ధబ్ ధబ్.

ఒక్కొక్కరినీ దించుకుంటూ దాణా కొట్టు ముందుకు వచ్చేసరికి పదీ నలభై. షట్టరు వేసి ఉంది. చెంచురామయ్య స్టీరింగు మీద తల పెట్టాడు.

"మూసేసి పొయినాడు. నీవల్లే మే! దారిలో ఒక్క మనిషినన్నా వదిలిపెట్టినావా?"

బైకు మనిషి దిగి, జేబులోంచి తాళాలు తీసి షట్టరు ఎత్తాడు.

"చెంచురామయ్యంటే నువ్వేనా?"

చంద్రమోహన్ గొంతు ఫోన్లో విన్నదే గానీ ముఖం ఎన్నడూ చూసింది కాదు. అయినా చెంచురామయ్య తేరుకున్నాడు.

"నేనేనన్నా. మనిషి చెయ్యెత్తితే ఆపకుండా రాలేను. చిన్నప్పట్నుంచీ అంతే."

"విన్నాలే. నడిచి రమ్మన్నావు గదా." చంద్రమోహన్ చొక్కా దులుపుకున్నాడు. "నాకు మూడు బండ్లు ఆపలా. ఈయమ్మ ఆపింది. ట్రిప్పులు మూడూ నీకే ఇస్తా. ఈయమ్మ వస్తేనే."

మధ్యాహ్నం చెంచురామయ్య ఆలోచించాడు. ఆమె రాక తప్పదు. ముందు కూర్చుంటే నోటితో వాదించవచ్చు. దెబ్బతో వాదించలేడు. శీనమ్మ చెల్లెలింటినుంచి తిరిగి రాగానే, "పాపం, నీ అద్దం సంగతి ఇంకోసారి చూస్తా," అని డోరు అట్ట విప్పాడు.

పని ఐదు నిమిషాలది. ఐదు నిమిషాల్లో ముగిస్తే దొరికిపోతాడు. అందుకని గంటసేపు ఎండలో పానా మార్చి పానా పట్టుకుని, మూలిగి, చెమట తుడుచుకున్నాడు. శీనమ్మ కొట్టు నీడలో దాణా బస్తా మీద కూర్చుని చూసింది.

"చెక్క ముక్క తీసేదానికి గంటా?"

పానా జారి అతని పాదం మీద పడింది.

"చూసినావా?"

"నువ్వు ఇరికిచ్చేటప్పుడే చూసినా. టీ పట్టుకోని నీ వెనకే ఉండా."

"మరి నిన్ననే అడగొచ్చు గదా మే!"

"ఎందుకడగాల? ముందు కూర్చుంటే ఎడంపక్కోళ్లే కనపడతారు. వెనకైతే రెండు పక్కలా కనపడతారు."