మా ఊరే చవక

ఆదివారం పొద్దున్న టీ తాగుతూ మొగుడూ పెళ్ళాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పక్క రాష్ట్రానికి ఒక ఫోను చెయ్యాలి, అక్కడి ధరలు అడగాలి, పెట్టెయ్యాలి. అంతే.

ఫోను చెయ్యాల్సింది టైలరమ్మ. నిజానికి ఆమె మిషను తొక్కి రెండేళ్ళు దాటింది. కింది వాటాలో ఉండే ఇంటాయనకు మధ్యాహ్నం నిద్ర ప్రాణం. "నెత్తి మీద ఆ టకటక ఏమిటమ్మా? ఇది ఇల్లా, రైల్వే స్టేషనా?" అని ఆయన మెట్ల మీద నిలబడి అరిచిన రోజున మిషను తల పాత దుప్పటి కప్పుకుని మంచం కిందకు పోయింది. కాళ్ళు మాత్రం వరండాలో మిగిలి, బాల్చీ పెట్టుకోవడానికి పనికొచ్చాయి. వీధిలో పేరు అలాగే ఉండిపోయింది. ఎవరైనా "టైలరమ్మా" అని పిలిస్తే ఆమె పలికేది కానీ, లోపల ఎక్కడో చిన్న సూది గుచ్చుకునేది.

ఆమె భర్త రంగుల ఫ్యాక్టరీలో స్టోర్ ఇన్‌ఛార్జి. అదే కంపెనీకి పక్క రాష్ట్రంలో ఇంకో ఫ్యాక్టరీ ఉంది. అక్కడా ఒక స్టోర్ ఇన్‌ఛార్జి ఉన్నాడు. ఇద్దరూ ఒప్పుకుంటే ఒకరి కుర్చీలోకి ఒకరు మారవచ్చు. దాన్ని ఆఫీసులో మ్యూచువల్ అంటారు. ఒక్కరు కాదన్నా ఇద్దరికీ లేదు. అక్కడ అద్దెలు తక్కువని, ఇదే జీతానికి ఒక గది ఎక్కువున్న ఇల్లు దొరుకుతుందని విన్న దగ్గర్నుంచి టైలరమ్మకు ఆ గది కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. కిటికీ పక్కన మిషను, గోడకు వేలాడే టేపు, కింద గుడ్డముక్కల బుట్ట.

చిత్రమేమిటంటే, అవతలివాళ్ళకు కూడా ఈ ఊరే చవకని ఎవరో చెప్పారు.

"ఉన్న ధరలు ఉన్నట్టు చెప్పావో, వాళ్ళు అక్కణ్ణుంచి కదలరు. వాళ్ళు కదలకపోతే మనం కదలలేం," అన్నాడు భర్త, ఫోను చేతికిస్తూ.

"అబద్ధం చెప్పమంటారా?"

"అబద్ధమెందుకు? కాస్త తగ్గించి చెప్పు. బేరమాడేటప్పుడు తగ్గించి అడగవూ?"

"అది కొనేటప్పుడండీ."

"ఇదీ ఒక రకంగా కొనడమే."

మూల కూర్చుని బట్టలు మడతపెడుతున్న అత్తగారు వినపడనట్టు ముఖం పెట్టి అంతా విన్నారు.

అవతల ఫోను ఎత్తిన ఆవిడ గొంతు గలగలమంటోంది. రెండు నిమిషాల్లో ఇద్దరూ ఒకరికొకరు వదినగారైపోయారు.

"మీ దగ్గర ఎండుమిరపకాయలు ఎలా ఉన్నాయి వదినగారూ?"

నిన్ననే టైలరమ్మ కిలో రెండువందల నలభైకి కొన్నది. భర్త వేళ్ళతో ఏదో సైగ చేశాడు. "రెండువందలకు లోపేనండీ," అంది.

"అంతేనా? మా దగ్గర మిరపకాయలు కాస్త ప్రియం. కానీ నూనె మాత్రం చవకండోయ్. లీటరు నూటపది."

ఇక్కడ నూటయాభై. టైలరమ్మ గుండె గంతులేసింది. కానీ అవతలి ఊరు అంత చవకని ఒప్పుకుంటే వాళ్ళు అక్కడే ఉండిపోతారేమోనని భయం పట్టుకుంది. "నూట ఎనభైకి కూడా ఇస్తారండీ మిరపకాయలు, తెలిసిన కొట్లో."

"అలాగా! నూనె కూడా మాకు తెలిసిన కొట్లో నూరే."

"అంటే, ఎక్కువ తీసుకుంటే మిరపకాయలు నూటయాభైకి వస్తాయి."

"నూనె తొంభైకి!"

ఫోను పెట్టేసరికి టైలరమ్మకు చెమటలు పట్టాయి. రెండు ఊళ్ళలోనూ బతకడం దాదాపు ఉచితమైపోయింది.

"భేష్," అన్నాడు భర్త.

ఆ సంతోషం సాయంత్రం దాకా నిలిచింది. దీపాలు పెట్టే వేళకు వదినగారే ఫోను చేశారు. "నూటయాభై అంటే మావారు నమ్మడం లేదు వదినగారూ. ఒక పని చెయ్యండి. గురువారం మీ ఫ్యాక్టరీ లారీ ఇక్కడికి రంగు డబ్బాలు తెస్తుంది కదా, దాన్లో ఓ పది కిలోలు పడెయ్యండి. డబ్బు డ్రైవరు చేతికిస్తాను."

టైలరమ్మ భర్త వంక చూసింది. ఆయన గోడవంక చూశాడు. కాసేపటికి, "పంపు," అన్నాడు. "కిలోకి తొంభై పోతే పోయింది. గది వస్తుంది. ఊరికే ఉండకు, నువ్వూ నూనె తెప్పించు. తొంభై అంది కదా!"

గురువారం మిరపకాయలు వెళ్ళాయి, శనివారం నూనె వచ్చింది. నిజంగానే లీటరు తొంభై. ఆ మాట టైలరమ్మ పక్కింటావిడతో ఒక్కదానితోనే అంది. మర్నాటికి వీధి వీధంతా ఖాళీ డబ్బాలతో మెట్ల దగ్గర నిలబడింది. అవతల వదినగారు కూడా ఎవరో ఒక్కరితోనే అన్నట్టున్నారు. "మా ఆడపడుచు ఐదు కిలోలు, ఎదురింటివాళ్ళు పది, మా పిల్లల టీచరు మూడు," అంటూ ఫోన్లో చదవడం మొదలుపెడితే టైలరమ్మ ఊపిరి బిగపట్టుకుని వింది.

"మీరు పంపేది కారమో, మన కొంపకి నిప్పో తెలియడం లేదే అమ్మాయ్," అన్నారు అత్తగారు.

లారీ డ్రైవరు పెద్దాయన. అతన్ని అందరూ బాబాయ్ అంటారు. రెండో వారం అతను గేటు దగ్గర లారీ ఆపి తలపట్టుకున్నాడు. "తల్లీ, నేను రంగులు తోలుతున్నానా, కారం తోలుతున్నానా? అక్కడ డబ్బాలు దించేవాళ్ళు తుమ్మి తుమ్మి కూర్చుండిపోతున్నారు. తెల్లరంగు డబ్బా మూత తీస్తే మిరపకాయ వాసనొస్తోందని ఎవరో కంప్లయింటు కూడా పెట్టారు."

ఆ కంప్లయింటు మ్యానేజరు బల్ల మీదకు వచ్చింది. ఆయన టైలరమ్మ భర్తను పిలిపించి, తలుపు వేయించి, ఆ కాగితం ముందుకు తోశాడు.

"కంపెనీ లారీలో మిరపకాయలు పంపుతున్నారట."

"ఏదో... స్నేహపూర్వకంగానండీ."

"తిరుగు లారీలో నూనె వస్తోందట."

"అవునండీ." ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు.

మ్యానేజరు ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "తొంభైయేనా? మా ఇంట్లో రెండు డబ్బాలు కావాలంటున్నారు."

ఉద్యోగం నిలిచింది గానీ ఇల్లు మునిగేలా ఉంది. వారం వారం మిరపకాయల మీద పోతున్న డబ్బు చూసి టైలరమ్మ తెల్లవారుజామునే లేచి, సంచి చంకన పెట్టుకుని, కొట్లవాళ్ళు సరుకు ఎక్కడ కొంటారో వెతుక్కుంటూ బయల్దేరింది. మార్కెట్టు వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. ఇన్నేళ్ళుగా ఆ గోడ పక్కనుంచే నడిచింది కానీ లోపలికి తొంగి చూడలేదు. అక్కడ ఒక మూల తొడిమలు ఊడిన కాయలు గుట్టగా పోసి ఉన్నాయి.

"అవి కిలో నూటనలభై. చూపుకి బాగోవని ఎవరూ అడగరు," అన్నాడు వ్యాపారి.

"ఘాటు ఉంటుందా?"

"కారానికి తొడిమతో పనేముందమ్మా?"

టైలరమ్మ అక్కడే నిలబడి లెక్క వేసింది, మళ్ళీ వేసింది. తను ఆడిన అబద్ధం మీద కిలోకి పది రూపాయలు మిగులుతోంది.

అప్పట్నుంచి ఆమెకు కొత్త కళ్ళు వచ్చాయి. పొద్దున్నే షెడ్డులో ఉల్లిపాయలు, సాయంత్రం మార్కెట్టు కట్టేసే వేళ కూరగాయలు. ఆటో మానేసి నడక. ఇంట్లో ఖర్చు ఎంత తగ్గిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే వీధంతా మళ్ళీ మెట్ల దగ్గర నిలబడుతుంది.

నెలాఖరు దగ్గరపడింది. అప్పుడు వదినగారు అసలు మాట అడిగారు. "మీరు చెప్పిన అద్దెలో మాకో ఇల్లు చూసిపెట్టండి వదినగారూ. పిల్లలున్నారు, వెనక ఒక గది ఉండాలి."

ఆ అద్దె కూడా మొదటి ఫోన్లోనే నోటికొచ్చినట్టు చెప్పినదే. అయినా టైలరమ్మ వీధులన్నీ తిరిగింది. నాలుగు వీధుల అవతల పిండిమర పక్కన ఒక ఇల్లు ఖాళీగా ఉంది. మర నడిపే ముసలావిడే యజమానురాలు. చేతులూ జుట్టూ పిండితో తెల్లగా ఉన్నాయి. ఆమె అద్దె చెప్పగానే టైలరమ్మ గుమ్మం పట్టుకుంది. సరిగ్గా తను నోటికొచ్చినట్టు చెప్పిన మొత్తం!

"ఇంత తక్కువేమిటండీ?"

"ఎవరూ నిలవరమ్మా. పొద్దస్తమానం మర గోల."

వెనక గది ఉంది. కిటికీ ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండ నేల మీద సరిగ్గా మిషను పట్టేంత మేర పరుచుకుని ఉంది.

"ఇక్కడ కుట్టు మిషను తొక్కితే మీకేమైనా ఇబ్బందా?" నోరు జారి అడిగేసింది.

ముసలావిడ పడిపడి నవ్వింది. "నా మర ముందు నీ మిషను చప్పుడు ఒక లెక్కా? దోమ పాట అది!"

తిరిగి వస్తూ సగం దారిలో టైలరమ్మకు గుర్తొచ్చింది, ఆ ఇల్లు చూసింది తన కోసం కాదని. ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదు. ఇంత గొడవ పడి ట్రాన్స్‌ఫర్ తెచ్చుకుంటున్న మనిషితో, ఇక్కడే ఉందామని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

ఈసారి లారీ శనివారం కాక ఆదివారం వచ్చింది. ముందు సీట్లోంచి డ్రైవరు బాబాయ్ కాక ఇంకో ఇద్దరు దిగారు. గలగల నవ్వుతూ వదినగారు, చేతిలో నూనె డబ్బాతో ఆవిడ భర్త. "చెప్పకుండా వచ్చేశాం. రేపేగా సంతకాలు!"

అందరూ కలిసి పిండిమర ఇంటికి వెళ్ళారు. మగవాళ్ళు కుళాయి తిప్పి చూశారు, కప్పు కొట్టి చూశారు. టైలరమ్మ వెనక గదిలో కిటికీ దగ్గర నిలబడి, తనకు తెలియకుండానే గోడ పొడవు జానలతో కొలుస్తోంది. గుమ్మంలోకి వచ్చిన భర్త ఆ చెయ్యి చూశాడు. ఒక జాన, ఇంకో జాన. పెళ్ళైన కొత్తలో మిషను కొన్న రోజున కూడా ఆమె గోడను అలాగే కొలిచింది. గుమ్మంలోంచే వెనక్కు తిరిగాడు.

ఇంటికొచ్చి అందరూ వరండాలో కూర్చున్నారు. మొదట గొంతు సవరించుకున్నది టైలరమ్మ భర్తే.

"ఇల్లు బాగానే ఉంది గానీ అన్నయ్యగారూ, ఈ మధ్య మా ఊళ్ళో ధరలు కాస్త పెరిగాయి."

టైలరమ్మ ఉలిక్కిపడి చూసింది. ఆయన ఆమె వంక చూడలేదు.

విచిత్రంగా వదినగారి ముఖం వెలిగింది. "మా దగ్గర మాత్రం తక్కువా? నూనె మండిపోతోంది!"

"మిరపకాయలు రెండువందల యాభై దాటాయండీ," అంది టైలరమ్మ.

"నూనె నూట అరవై!"

"నీళ్ళు రోజు విడిచి రోజు!"

"మాకు వారానికొకసారి!"

"ఇంటి పక్కన పిండిమర, చెవులు చిల్లులు పడతాయి!"

"మా ఇంటి పక్కన..." వదినగారు వెతుక్కుని, "ఏమీ లేదండీ. మనిషన్నవాడు కనబడడు. పిచ్చెక్కిపోతుంది!" అన్నారు.

అత్తగారు మడతపెడుతున్న దుప్పటి కింద పెట్టారు. "ఏమర్రా, నెలరోజులు ఫోన్లో వినలేక చచ్చాను. అప్పుడేమో రెండు ఊళ్ళూ ఉచితం. ఇప్పుడేమో రెండు ఊళ్ళలోనూ మనిషి బతకలేడు. ఎవరికి ఎక్కడికి వెళ్ళాలని లేదో సూటిగా చెప్పండి, అన్నాలు వడ్డించాలి."

ముందు వదినగారికి నవ్వాగలేదు. "తొంభై నా నోటికొచ్చిన ధర వదినగారూ. మీ ముందు పరువు పోతుందని ఊరంతా గాలిస్తే, బస్టాండు వెనక గానుగ దొరికింది. డబ్బాలు పట్టుకెళ్తే ఎనభై ఐదే. ఇంకా ఏవేం దొరుకుతాయో అని వెతుకుతూ పోతే మా ఊరే మాకు నచ్చేసింది. ఆ మాట చెప్పలేకే, మొహం చెల్లక, నూనె డబ్బాతో వచ్చాం."

"నేను పంపిన మిరపకాయలకి తొడిమల్లేవు, చూశారా?" అంది టైలరమ్మ.

"చూశాను. మీరు మా కోసం కూర్చుని తీయించారనుకున్నాను!"

ఆ వారంలోనే టైలరమ్మ ఇల్లు మారింది. సామాను నాలుగు వీధులే కాబట్టి బాబాయ్ డబ్బు తీసుకోలేదు. వరండాలో బాల్చీ దించి మిషను కాళ్ళను, మంచం కిందనుంచి తలను తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి భర్తే బిగించాడు. పిండిమర హోరులో మిషను చప్పుడు ఎవరికీ వినబడలేదు, ఆమెకు తప్ప.

కింది వాటా ఇంటాయన మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయాడు. పై వాటాకు డోలు నేర్చుకునే కుర్రాడు అద్దెకు దిగేదాకా.

మ్యూచువల్ రద్దయిందని వినగానే మ్యానేజరు ముఖం వాడిపోయింది. "అయితే నూనె?"

"అది ఆగదండీ. గురువారం వెళ్ళి శనివారం వస్తుంది."

ఆ ఏడాది ఆ రెండు రాష్ట్రాల మధ్య ట్రాన్స్‌ఫర్ దొరికింది నూనెకూ మిరపకాయలకూ మాత్రమే.