తెర మీద రెండో పేరు

స్వెట్టరు భార్య రెండుసార్లు పోయింది. మొదటిసారి జ్వరంతో, రెండోసారి సర్క్యులర్‌తో. మొదటిదానికి అతను ఎవరినీ తప్పు పట్టలేదు. రెండోదానికి మాత్రం పురపాలక కార్యాలయం మొత్తాన్నీ, మెట్ల కింది కుర్చీలతో సహా, ఈ జన్మకు క్షమించేది లేదని తేల్చుకున్నాడు.

స్వెట్టరు అన్నది అతని పేరు కాదు. కార్యాలయం అడుగు అంతస్తులో సర్వర్లు ఉండే గదికి అతను సంరక్షకుడు. నడి వేసవిలో కూడా ఆ గదిలో పళ్లు టకటక కొట్టుకుంటాయి. మిషన్లు వేడెక్కకూడదని నిబంధన ఉంది. మనుషులు గడ్డకట్టకూడదని ఎక్కడా లేదు. అందుకని మోచేతుల దగ్గర చిరిగిన బూడిదరంగు స్వెట్టరు ఒకటి ఏడాది పొడుగునా అతని ఒంటి మీదే ఉండేది. ఎదురుగా ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. అతను ఒకసారి ముఖం తిప్పుకున్నాడంటే మళ్లీ ఇటు తిప్పడు. ఏసీ మెకానిక్‌తో ఏళ్ల తరబడి మాటల్లేవు. కారణం ఏమిటో మెకానిక్‌కు ఇప్పటికీ తెలియదు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఆ వేసవిలో ఒక సర్వర్ ఫ్యాను ఆగిపోయి, లోపల కాలి, పొగలు కక్కింది. వాసన పట్టుకుని పై అంతస్తులవాళ్లంతా కిందికి దిగారు. క్యాంటీన్‌లో ఏదో మాడిందనుకుని వంటవాణ్ణి నాలుగు తిట్టి తృప్తిగా పైకి వెళ్లిపోయారు. పొగ సర్వరుదని మర్నాడు తెలిసింది. వంటవాడికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కమిషనర్ ఈ ఉదంతాన్ని తీవ్రంగా పరిగణించారు. ఏ మిషన్‌కు ఏ జబ్బో ఆ మిషనే ముందుగా చెప్పుకునే ఏర్పాటు కావాలన్నారు. సరఫరా కంపెనీ నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. కింది హాల్లో, జనం బారులు తీరే చోట, గోడంత తెర బిగించింది. ప్రతి సర్వరూ తన ఒంటివేడి, ఫ్యాను వేగం, డిస్కు సత్తువ ఆ తెరకు పంపుతూ ఉంటుందని వివరించింది. బాగుంటే పక్కన పచ్చచుక్క, బాగోకపోతే ఎర్రచుక్క.

“ప్రతి మిషన్‌కీ ఒక పేరు కావాలి సార్. పేరును బట్టే తెర దాన్ని గుర్తుపడుతుంది,” అని చెప్పి, మిగతా పని స్వెట్టరుకు నేర్పి వెళ్లిపోయింది.

అప్పటిదాకా వాటికి పేర్లు లేవు. ‘ఎడమ మూల నల్లది’, ‘దాని పక్కది’, ‘మోత చేసేది’ అని పిలుచుకునేవారు. పని బాగానే జరిగేది. కమిషనర్ సంతకంతో సర్క్యులర్ వచ్చింది: “సర్వర్లకు పెట్టు పేర్లు గౌరవప్రదముగాను, సంస్థ విలువలను ప్రతిబింబించునట్లుగాను ఉండవలెను. విభాగాధిపతులు ఇందుకు తమ సొంత విచక్షణను వినియోగించవలెను.”

ఆ కార్యాలయంలో ముప్పై విభాగాలు. వీధిదీపాలు వెలిగించేది ఒకటి, ఆర్పేది ఇంకొకటి. విభాగానికో సర్వరు. సొంత విచక్షణ వినియోగించమని పైనుంచి ఉత్తర్వు రావడం అదే మొదటిసారి కాబట్టి అధిపతులందరూ తలుపులు మూసుకుని ఆలోచించారు. కమిషనర్ బల్ల మీద ఆయన తల్లిగారి ఫొటో ఒకటి ఉంటుంది. సెలవు అడగడానికి వెళ్లిన ప్రతివాడూ ముందు ఆ ఫొటోను చూసి, “ఎంత శాంతమైన ముఖం సార్” అనేవాడు. కనుక ఒక్కొక్కరే, రెండోవాడికి తెలియకుండా, ఈ ఉపాయం ప్రపంచంలో తనకొక్కడికే తట్టిందని మురిసిపోతూ, తన సర్వరుకు కమిషనర్‌గారి అమ్మగారి పేరు పెట్టేశాడు.

ఫిర్యాదుల విభాగానికి మాత్రం అధిపతి లేడు. ఆ కుర్చీలో కూర్చుంటే ఫిర్యాదులు వినాల్సి వస్తుందని ఎవరూ ఒప్పుకోలేదు. దానికి పేరు పెట్టే పని స్వెట్టరు మీద పడింది. అతను పెద్దగా ఆలోచించలేదు. అది పొద్దస్తమానం ఊరందరి గోడూ వింటుంది, తన గోడు ఒక్కటీ బయటపెట్టదు. అలాంటి మనిషి అతనికి ఒక్కతే తెలుసు. ఆ పేరే కొట్టాడు.

ప్రారంభోత్సవం నాడు కమిషనర్ మీట నొక్కారు. తెర వెలిగింది. ముప్పై పేర్లు రావలసిన చోట రెండే వచ్చాయి. పైన అమ్మగారు, కింద స్వెట్టరు భార్య.

కమిషనర్ కళ్లు చెమర్చాయి. “ఈ గౌరవం ఎవరి ఆలోచన?” అన్నారు. ఇరవై తొమ్మిది మంది ఒకేసారి అడుగు ముందుకు వేశారు. ప్రతివాడూ మిగతావాళ్లు తనను అభినందించడానికి వస్తున్నారనుకున్నాడు.

“మరి మిగిలిన మిషన్లు ఏమైనట్టు?” అని అడిగారు కమిషనర్.

ప్రతి అధిపతీ మిగతా ఇరవై ఎనిమిది మందినీ జాలిగా చూశాడు. తనది తెర మీద కనబడుతూనే ఉంది కదా. పోయినవి పక్కవాళ్లవి.

కనిపించని మిషన్లపై విచారణ సంఘం ఏర్పడింది. సంఘం అడుగు అంతస్తుకు దిగి, తలుపు తెరిచి చూసింది. ముప్పై సర్వర్లూ వరసలో నిలబడి గుయ్‌మంటున్నాయి. ‘మోత చేసేది’ మోత చేస్తూనే ఉంది. సంఘం వాటిని చేత్తో తాకింది కూడా. నివేదికలో ఇలా రాసింది: “గదిలో కొన్ని మిషన్ల వంటివి కానవచ్చినవి. అయితే తెరపై లేనందున వాటి ఉనికి నిర్ధారణ కాలేదు.” గేటు దగ్గర కాపలావాడు ఆనాటి నుంచి ఇళ్లకు వెళ్లేవాళ్ల టిఫిన్ బాక్సులు విప్పి చూడసాగాడు. ఒక్కో సర్వరు మంచం కోడు అంత పొడుగుంటుంది. అయినా జాగ్రత్త మంచిదే కదా.

పత్రికలో ప్రకటన కూడా వేశారు. “కనబడుటలేదు. నలుపు రంగు, దృఢమైన శరీరం, ముందు భాగమున చిన్న దీపం. తిరిగి వచ్చిన యెడల ఎవరూ ఏమీ అనరు.”

ఈలోగా అమ్మగారి చుక్క కార్యాలయాన్ని కుదిపేస్తోంది. ఇరవై తొమ్మిది మిషన్ల వేడీ ఒక్క పేరు మీదే వచ్చి పడుతోంది. ఒక క్షణం చల్లగా, మరుక్షణం సెగలు కక్కుతూ, పచ్చ, ఎరుపు, మళ్లీ పచ్చ. కమిషనర్ కంగారుపడి ఇంటికి ఫోన్ చేశారు.

“అమ్మా, ఒంట్లో ఎలా ఉంది?”

“బాగానే ఉందిరా. నీకేమైంది? ఎప్పుడూ అడగనివాడివి,” అంది ఆవిడ.

రెండో పేరు పక్కన చుక్క మాత్రం వచ్చిన రోజు నుంచీ పచ్చగానే ఉంది. స్వెట్టరు పొద్దున రాగానే హాల్లో ఆగి దాన్ని చూసుకునేవాడు. మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చి ఇంకోసారి చూసేవాడు. ఫిర్యాదుల కౌంటర్లో కూర్చునేది పోయిన భార్యకు స్వయానా చెల్లెలు. ఆమె కంట్లో ఇవన్నీ పడుతూనే ఉన్నాయి.

“బతికున్నన్నాళ్లూ అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు పూట పూటకీ వచ్చి వేడి చూసుకుంటున్నావు. బాగుంది బావా.”

“ఆ గదిలోంచి వచ్చేవాణ్ణి. చేతులు చల్లగా ఉండేవి. వేస్తే ఉలిక్కిపడేది.”

మరదలు కాసేపు రసీదులు సర్దుకుంది.

“ఇంతకీ ఇవాళ ఎంతుందట?”

“ముప్పై ఆరు డిగ్రీలు.”

“ఫర్వాలేదు అయితే,” అంది.

విచారణ సంఘం ఎటూ తేల్చలేక మళ్లీ ఇంజినీరమ్మను పిలిపించింది. ఆమె అరగంట చూసి, వచ్చి, నవ్వు ఆపుకుంటూ చెప్పింది. “మిషన్లు ఎక్కడికీ పోలేదు సార్. ఇరవై తొమ్మిదింటికీ ఒకటే పేరు పెట్టారు. తెరకి అవన్నీ ఒకటే మిషన్. వేరే వేరే పేర్లు పెడితే సాయంత్రానికి అన్నీ వచ్చేస్తాయి.”

పేరు మార్చడమంటే తన సర్వరు మీద నుంచి అమ్మగారిని తీసేయడం. కమిషనర్ ఎదురుగా కూర్చుని ఉన్నారు. తోటల విభాగాధిపతి లేచి, “ప్రాణం పోయినా నేను అమ్మను తీయలేను,” అన్నాడు. జనన మరణాల విభాగాధిపతి, “నేను తీస్తే నా ప్రాణమే పోతుంది, ఆ చావు నమోదు చేసేవాడు కూడా ఉండడు,” అన్నాడు. ఇరవై తొమ్మిది మందీ కంటతడి పెట్టారు. అందరూ ఒకే ఎత్తు వేశారని అప్పుడు అందరికీ తెలిసింది. అయినా ఎవరూ సిగ్గుపడలేదు. ఒక్కడు సిగ్గుపడితే బయటపడతాడు. అందరూ ఉన్నప్పుడు అది ఐకమత్యం అనిపించుకుంటుంది.

కమిషనర్ గొంతు సవరించుకున్నారు. “మిత్రులారా, ఇన్నాళ్లూ దీన్ని లోపం అనుకున్నాం. ఇది సమైక్యత. ఇరవై తొమ్మిది విభాగాలు ఒక్క తల్లి ఒడిలో ఒక్కటైతే, ఒకే ఒక్క మిషన్ వేరు కుంపటి పెట్టుకుంది. లోపం అక్కడుంది. దాన్ని కూడా కలిపేయండి.”

“సార్, సరిగ్గా ఉన్నది అదొక్కటే,” అంది ఇంజినీరమ్మ.

“నేను చెబుతున్నదీ అదే,” అన్నారు కమిషనర్. మర్నాడే ఆ మేరకు సర్క్యులర్ వచ్చింది.

స్వెట్టరు తన శక్తికొద్దీ అడ్డుపడ్డాడు. కీబోర్డు పాడైందన్నాడు. కొత్తది వచ్చింది. పాస్‌వర్డు మరిచానన్నాడు. అది అతని బల్ల అద్దం కింద అందరికీ కనబడేలా ఉండేది. చలికి వేళ్లు కొంకర్లు పోయాయన్నాడు. తోటల విభాగాధిపతి ఎంతో ఆప్యాయంగా, “నేను కొట్టిపెట్టనా? ఇంతకీ ఎవరండీ ఈవిడ?” అని ముందుకు వంగాడు. పరాయివాడి వేలు ఆ పేరు మీద పడటం స్వెట్టరు సహించలేకపోయాడు. తానే కూర్చుని ఒక్కో అక్షరం చెరిపాడు. హాల్లో తెర మీద రెండో చుక్క ఆరిపోయింది. కౌంటర్లో మరదలు తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

ఆ తర్వాత అంతా శుభమే. ఆ కార్యాలయంలో మిషన్లకు వచ్చే కబుర్లన్నీ పేరు చూసుకునే దారి పడతాయి. ఇప్పుడు ముప్పైకీ ఒకటే పేరు కాబట్టి, ఫిర్యాదు ఏ మిషన్ ముందు పలికితే దాని దగ్గర వాలేది. కుళాయిలో నీళ్లు రావడం లేదన్న ఫిర్యాదులు కొన్ని తోటల విభాగానికి పోయాయి. “మీ మొక్కకు నీళ్లు పోయడమైనది” అని జవాబు వచ్చింది. కొన్ని జనన మరణాల విభాగానికి పోయాయి. ఎండిన కుళాయిలకు ముద్ర వేసిన మరణ ధ్రువపత్రాలు ఇళ్లకు చేరాయి. ఫిర్యాదుల విభాగానికి చేరినవి మాత్రం సున్నా. అమ్మగారి చుక్క ఎర్రబడటం చూడలేక కమిషనర్ ఇంజినీరమ్మ చేత దానికి పచ్చరంగే ఖాయం చేయించారు. ఒక్క పేరు, ఒక్క చుక్క, ఫిర్యాదులు లేవు. ఇంతటి పాలన ఎక్కడా లేదని పైవాళ్లు బహుమతి ప్రకటించారు.

బహుమతి సభ ఆ హాల్లోనే పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. ముఖ్య అతిథి సాక్షాత్తూ అమ్మగారే. కమిషనర్ చాలాసేపు మాట్లాడి, “సమస్యలను పరిష్కరించిన సంస్థలు ఎన్నో ఉన్నాయి. సమస్యలే లేకుండా చేసిన సంస్థ మనదొక్కటే,” అని ముగించి, మైకు తల్లికి ఇచ్చారు.

“నాకు ఉపన్యాసాలు రావు బాబూ,” అంది ఆవిడ. “ఇన్ని మిషన్లకి నా పేరు పెట్టారు, సంతోషం. కానీ వారంగా మా ఇంట్లో కుళాయి రావడం లేదు. చెబితే, అది చనిపోయిందని కాగితం పంపారు. స్నానానికి కూడా నీళ్లు లేవు నాయనా.”

కమిషనర్ మెల్లగా తల్లి భుజం పట్టుకుని తెర వైపు తిప్పారు.

“చూడమ్మా. పచ్చగా లేదూ?”

ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని చూసింది. “పచ్చగానే ఉందిరా.”

“మరి?”

చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో ఏ ఒక్కరి ఇంట్లోనూ వారంగా చుక్క నీరు లేదు. కాకపోతే ప్రతివాడూ నీళ్లు రానిది తన ఒక్కడి ఇంట్లోనే అనుకున్నాడు. ఊరందరికీ బాగున్నప్పుడు తనొక్కడూ లేచి నిలబడితే ఏం బాగుంటుందని ఇంకాస్త గట్టిగా కొట్టాడు.

వేదిక దిగేటప్పుడు అమ్మగారు ఆసరాకు స్వెట్టరు చెయ్యి పట్టుకుంది. “అబ్బ, ఎంత చల్లగా ఉందయ్యా చెయ్యి,” అంది, వదలకుండానే. “అవునుగానీ, ఈ తెర మీద మొదట్లో నాతోపాటు ఇంకో ఆడమనిషి ఉండేదటగా. నాకు తోడుగా బాగుండేది. ఎవరు బాబూ ఆవిడ?”

మరదలు పక్కనే ఉంది. చెప్పు బావా, అన్నట్టు చూసింది. అడిగినవాళ్లలో ఆ పేరు తెలుసుకోవాలని అడిగింది ఈ ముసలావిడ ఒక్కతే. అది స్వెట్టరుకూ తెలుసు.

“తెర మీద లేనివాళ్ల సంగతి మాకు తెలియదమ్మా,” అన్నాడు. ఆవిణ్ణి జాగ్రత్తగా మెట్లు దించి, కుర్చీలో కూర్చోబెట్టి, అడుగు అంతస్తుకు వెళ్లిపోయాడు.

మరదలు వెనకాలే వచ్చి చలిగది గుమ్మంలో నిలబడింది. “ఆ పేరు ఒక్క మాట చెబితే ఏం పోయేది బావా?”

స్వెట్టరు ముప్పై మిషన్ల వరసలో ఫిర్యాదులదాని మీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తీశాడు.

“ఇంకెప్పుడూ ఆ మాట నా దగ్గర ఎత్తకు.”

ఆమె ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు. ఇకముందు ఎత్తడు కూడా.