ఎక్కడైనా ఆగే చక్రం

చక్రమంటే మీకెవరికైనా చిన్నచూపు ఉంటే ఇప్పుడే మానుకోండి. నాకూ ఉండేది. మొన్న ఆయుధ పూజకు ముందు రోజు, మా హాల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీల మధ్య, మోటారుసైకిల్ ముందు చక్రం ఒకటి నా కళ్లు తెరిపించింది. అవి సగమే తెరుచుకున్నాయని మిగతా సగం మా ఆవిడ తెరిపించింది.

ముందే చెప్పాలి, ఆ బండి నాది కాదు. మా ఆవిడ ఛాయాదేవిది. చందాపురలో ఉండే మా మామగారు ఓబళప్ప, మోకాలు మొరాయించాక తన బండిని కూతురికి ఇచ్చేశారు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఇంటి నుంచి కుందలహళ్ళి ఆఫీసుకు ఆవిడ దాని మీదే వెళ్తుంది. నాది ఇంట్లోంచి చేసే ఉద్యోగం. ఎప్పుడైనా కలిసి బయటికెళ్తే నేను వెనక కూర్చుని సంచి పట్టుకుంటాను. ఆ పనిలో ఇంతవరకు నా మీద ఫిర్యాదు లేదు.

బండి టైర్లు అరిగి నున్నబడితే కొత్తవి తెప్పించాం. వాటిని వేయించుకుందామని పొద్దున్నే టైర్ల కొట్టుకు వెళ్లాను. ఆయుధ పూజ ముందు బెంగళూరులో చక్రమున్న ప్రతి వస్తువూ అక్కడే నిలబడి ఉంది. ఒకాయన తోపుడు బండితో సహా వచ్చాడు. ఆ వరస చూసి వెనక్కి తిరిగాను. దారిలో నాకు జ్ఞానోదయమైంది. టైరు మార్చడమంటే పాతది తీసి కొత్తది తొడగడమే కదా, దిండు గలీబు మార్చినట్టు. వీడియోల్లో ఎవరెవరో చొక్కా నలగకుండా మార్చేస్తున్నారు.

ఈ మాట చెప్పగానే ఛాయ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"కుక్కర్ గాస్కెట్ మార్చినప్పుడు ఏమైందో గ్యాపకం ఉండాదా మీకు?"

"అది గాస్కెట్ తప్పు."

"సరే. రేపు పూజయినాక ఆ బండెక్కి ఒక రౌండు పోవల్ల. మీరు బిగించిన చక్రం మీద నాకు నమ్మకం కుదిరితే ఎక్కుతా. లేదంటే నాయనా నేనూ ఆటోలో పోతాం. పూజ చేసిన బండి ఇంటి ముందర సుమ్నే, ఊరికే నిలబడి ఉంటాది, చూస్తా కూర్చోండి."

పూజ చేసిన బండి కదలకపోతే మామగారు వచ్చే ఆయుధ పూజ దాకా ఆ సంగతే మాట్లాడతారు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన దృష్టిలో నేను బల్బు మార్చడానికి మనిషిని పిలిచే అల్లుణ్ని. ఈ ఒక్క చక్రంతో ఆ మచ్చ చెరిపేసుకోవాలనుకున్నాను. మా ఆవిడ నేను బిగించిన చక్రం మీద ఎక్కి తీరాలి. ముందు చక్రం బండి నుంచి విప్పి, దాంతో మొదలుపెట్టాను.

పాత టైరు రిమ్మును వదలనంది. కింద వాటాలో ఉండే మునినారాయణప్ప గారిని సాయం పిలిచాను. దారిన పోయే ప్రతివాణ్నీ ఆపి మాట్లాడతారు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు స్పీడ్ బ్రేకర్. ఆయన సొంత బండి సైడ్ స్టాండును టైరు అంచు మీద ఆనించి, బండిని అటువైపు వాల్చి, ఆయన్నే దాని మీద కూర్చోమన్నాను. ఆయన ఎక్కగానే టైరు మారుమాట లేకుండా దిగింది. ఆయన్ని ఇంత సద్వినియోగం చేసినవాణ్ని నేనే అని కొంచెం గర్వపడ్డాను.

కొత్త టైరు తొడగడానికి గిన్నెలు తోమే సబ్బు సీసా మొత్తం పోశాను. రెండు ఇనుప లివర్లతో ఎత్తి, లోపలికి చేతులు పెట్టి తోసి, మోచేతుల దాకా నురగతో పోరాడాను. చివరికి పంపుతో గాలి కొడితే టైరు 'ఢాం' అని రిమ్ములో కూర్చుంది. నేనూ నేల మీద కూర్చున్నాను.

ఇక బ్యాలెన్సింగ్. ఇరుసు చువ్వను చక్రంలో దూర్చి, రెండు కుర్చీల మధ్య ఆనించి, చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలేయాలి. బరువెక్కువున్న వైపు తనంతట తానే కిందికొచ్చి ఆగుతుంది. దానికి ఎదురుగా రిమ్ముకు సీసపు బిళ్లలు అతికించి సరిచేయాలి. ఏ పక్కకూ మొగ్గకుండా, ఒక్కోసారి ఒక్కో చోట ఆగిందంటే చక్రం సమంగా ఉన్నట్టు.

తిప్పాను. గాలి కొట్టే మూతి ఎడమ పక్కకొచ్చి ఆగింది. మళ్లీ తిప్పాను. ఈసారి పైన ఆగింది. ఇంకోసారి తిప్పితే ఇంకోచోట. ఒక్క బిళ్ల కూడా అతికించకుండానే. అంత బరువైన చక్రం ఎటు లాగినా లొంగక, ఎక్కడ నచ్చితే అక్కడ నిలుస్తుంటే, చూస్తూ ఉండిపోయాను. మునినారాయణప్ప గారు చెప్పులు విప్పి చేతులు జోడించారు.

"దీంట్లో దేవుని చెయ్యి ఉండాదప్పా" అన్నారు.

ఛాయ వంటింట్లోంచి వచ్చి, చక్రం దగ్గర చెవి పెట్టి ఒకసారి తిప్పింది. తర్వాత నా చేతుల వంక చూసింది. బాగుందని చెప్పి, అన్నం తిని పడుకోమంది. పెళ్లయ్యాక ఆవిడ నన్ను పగలు పడుకోమనడం అదే మొదటిసారి. గౌరవం పెరిగిందనుకుని పడుకున్నాను. నిద్రలో ఎక్కడో 'ఢాం' అని వినిపించింది. పండగ కదా, టపాసులనుకుని అటు తిరిగాను.

లేచేసరికి, పండక్కొచ్చిన మామగారు హాల్లో కాఫీ తాగుతున్నారు. కుర్చీల మధ్య చక్రానికి పసుపు రాసి, చుట్టూ బంతిపూల దండ వేశారు. మూల పీట మీద నా లివర్లు, స్పానర్లు, పంపు బొట్లు పెట్టుకుని పూల కింద కొలువుదీరాయి. పూజకు పెట్టిన పనిముట్టును పూజయ్యేదాకా ముట్టకూడదని వీళ్లింటికి అల్లుడినైన మొదటి ఏడాదే నేర్చుకున్నాను.

మామగారికి జరిగిందంతా చేతులు తిప్పుతూ చెప్పాను. ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తూ విన్నారు. చక్రం ఎక్కడైనా ఆగుతుందని చూపించబోయి కుడిచెయ్యి గాల్లోకి ఎత్తాను. వేలికి ఉంగరం లేదు.

అది పెళ్లిలో మామగారు తొడిగిన ఉంగరం. చెయ్యి జేబులో పెట్టేసుకున్నాను. సబ్బు, నురగ, టైరు లోపల నేను తడుముకున్న చీకటి, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. దేవుని చెయ్యి ఎవరిదో కూడా తెలిసిపోయింది. ఉంగరం టైరు లోపల తిరిగి తిరిగి, ఎక్కడ అడుగుకు చేరితే అక్కడ చక్రాన్ని పట్టి ఆపుతోందన్నమాట.

అంతలో తండ్రీకూతుళ్లు గుమ్మడికాయ, నిమ్మకాయలు తేవడానికి బయల్దేరారు. గుమ్మం దాటుతూ ఛాయ వెనక్కి తిరిగింది.

"ఏమన్నా అవసరమైతే పనిముట్లన్నీ పీట మీదే ఉండాయి" అంది.

నేను వాటి జోలికి పోలేదు. పాపభీతి ఉన్నవాణ్ని. వంటింట్లోకెళ్లి అట్లకాడ, పెద్ద గరిటె, సంగటి తెడ్డు తెచ్చాను. బంతిపూల దండ లాగి పారేసి, మునినారాయణప్ప గారిని మళ్లీ బండెక్కించాను. దేవుని చెయ్యి ఎందుకు తీసేస్తున్నానని ఆయన చాలా బాధపడ్డారు. అట్లకాడ వంగింది. గరిటె రెండుగా అయింది. సంగటి తెడ్డు మాత్రం మా అత్తవారి వంశంలాగే గట్టిగా నిలబడింది. ఎలాగో టైరు ఊడింది.

చెయ్యి పెట్టి తడిమాను. ఏమీ లేదు. అటు తిప్పి తడిమాను. చివరికి తలే పెట్టి చూశాను. గేటు చప్పుడైనప్పుడు నేను టైరులోనే ఉన్నాను.

బయటికొచ్చేసరికి ఛాయ బూడిద గుమ్మడికాయతో, మామగారు నిమ్మకాయలతో నిలబడి ఉన్నారు. ఇక దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేశాను. ఉంగరం పోయిందని, నా అద్భుతం ఒట్టిదని, ఆటోలోనే వెళ్లమని చెప్పాను. ఈ చక్రం మీద ఆవిణ్ని ఎక్కించాలంటే భయంగా ఉందని కూడా అన్నాను.

ఛాయ పీట దగ్గరికెళ్లి లివర్ మీది బంతిపువ్వు తీసింది. దాని కింద, లివర్‌కు తొడిగి, నా ఉంగరం ఉంది.

"మీరు పడుకున్నప్పుడు నాయనా నేనూ మెట్ల కింద విప్పి తీసినాం. చెవి పెడితే లోపల గలగలమంటాంటే తెలీదా? బిళ్లలు కూడా అతికించి సరిగ్గా నిలబెట్టినాం" అంది. అప్పుడు చూశాను, రిమ్ముకు సీసపు బిళ్లలు. పూల దండ కింద ఉండి ఇందాకటి కంగారులో నా కంటబడలేదు. "లివర్ ఎత్తింటే మీకు ఉంగరం దొరికిండేది. మానం నిలిచిండేది. చెప్పే పోతిని కదా."

"పూజకు పెట్టినవి ముట్టకూడదని..."

మామగారు కళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. "పూజ రేపు కదప్పా అల్లుడూ. ఇంకా కొబ్బరికాయ కూడా కొట్టలేదే" అన్నారు.

ఛాయ లివర్లు నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. ఎక్కడ మోకాలు ఆనించాలో, ఏ అంచు ముందు దిగాలో ఆవిడ చెబుతుంటే నేనే బిగించాను. చప్పుడు లేకుండా రిమ్ములోకి దిగిపోయింది టైరు. చివరికి ఆవిడ వేలికొసతో చక్రాన్ని తాకి వదిలింది. అది తిరిగి తిరిగి, ఏ మూలా గలగల లేకుండా ఒకచోట ఆగింది. మళ్లీ తిప్పితే ఇంకోచోట. పొద్దున్న నేను ఆశ్చర్యపోయింది ఉంగరం చేసిన మాయకు. ఇప్పుడు చక్రాన్ని వదిలేసి ఆవిణ్నే చూస్తూ ఉండిపోయాను. ఇన్నాళ్లూ ఈ మనిషి వెనకే కూర్చుని ప్రయాణం చేస్తున్నాను, ఏమీ తెలుసుకోలేదు.

మర్నాడు పూజయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఛాయ బండెక్కి స్టార్ట్ చేసి నా వంక చూసింది. మామగారు ఎక్కుతారేమోనన్నాను.

"బిగించినోళ్లే ముందు ఎక్కల్ల" అంది.

ఎక్కాను. నిమ్మకాయలు చితికాయి. వీధి దాటి పెద్ద రోడ్డెక్కినా బండి ఇసుమంత కూడా వణకలేదు. నేను బిగించిన చక్రం మీద మా ఆవిడ నిశ్చింతగా పోతోంది. నా కళ్లు చెమర్చాయి. ఆవిడ భుజం మీదుగా ముందుకు చూస్తే, యాక్సిలరేటర్ పట్టుకున్న చేతి బొటనవేలికి నా ఉంగరం మెరుస్తోంది.

"నా ఉంగరం..." అన్నాను.

"వెనక చక్రం ఇంకా ఉండాది కదా" అంది ఛాయ. "అదీ బిగించినాక ఇస్తా."

నేను సంచి గట్టిగా పట్టుకున్నాను.