వెనక చక్రాల కీచు

ఆదివారం పొద్దున్నే డ్రాయింగ్ మాస్టారు నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కారు కడగడానికి దిగారు. ఇస్త్రీ చొక్కాతో కారు కడిగేవాళ్లు లోకంలో ఉంటారా అంటే, భార్య వస్తోందని తెలిసిన మొగుడు ఉంటాడు. అయితే ఆవిడ వస్తున్నది కాపురానికి కాదు, కారు కోసం. అది ఆవిడ పేరున ఉంది. అలిగి అక్కగారింటికి వెళ్లి నాలుగు నెలలయింది, ఇవాళ కారు కూడా తీసుకుపోతానని కబురు పెట్టింది.

గొడవ పెద్దదేం కాదు. మాస్టారు దేనికీ గట్టిగా ఒక మాట అనరు. పక్కింటివాళ్లు మన గోడ మీద బట్టలారేసినా, సొంత భార్య సూట్‌కేసు సర్దుకుంటున్నా, "సరే, నీ ఇష్టం" అంటారు. వద్దంటారేమోనని ఆవిడ ఆ సర్దడాన్ని ఎంత సాగదీసినా అనలేదు సరికదా, జిప్పు పట్టకపోతే సాయం కూడా చేశారు. ఇప్పుడేమో ఇంట్లో ఎటు చూసినా ఆవిడ లేకపోవడమే కనిపిస్తోంది. తిట్టేవాళ్లు లేక అన్నం కూడా సహించడం లేదు.

కారు కూడా ఆయన చేతిలో ఆయనలాగే మెత్తగా తయారైంది. అది పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే హైబ్రిడ్ బండి. మెత్తగా బ్రేకు తొక్కితే మోటారే వేగం తగ్గించేస్తుంది, అసలు బ్రేకులకు పనుండదు. పని లేక వెనక చక్రాల బ్రేకులకు తుప్పు పట్టి కీచుమంటున్నాయని, ఖాళీ రోడ్డు మీద నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే అదే పోతుందని శుక్రవారమే మెకానిక్ చెప్పాడు. మాస్టారు తొక్కలేదు. కీచు పోతే ఆవిడ తాళం తీసుకుని వెళ్లిపోతుంది. ఉంటే కాసేపైనా ఆగుతుంది.

ఆవిడ వచ్చింది. కాస్త చిక్కింది. ఎలా ఉన్నావని అడగబోయి మాస్టారు, "బ్రేకులు కీచుమంటున్నాయి" అన్నారు.

ఆవిడది చెవుల ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం. ఏ చక్రమో తేలందే బండి ముట్టుకోనని, ఆయన్ని మెల్లగా నడపమని, తను పక్కన నడుస్తూ వింటానని అంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

అలా బయల్దేరింది ఊరేగింపు. ఆవిడ తల వంచి, చెవి వాల్చి నడుస్తుంటే పక్కనే కారు పాకింది. నాలుగడుగులకోసారి బ్రేకు, బ్రేకు వేస్తే కీచు. ఎడమ చక్రమంది. కాదు, కుడిదంది. వీధి అయిపోతే ఇంకో వీధిలో చూద్దామంది. మాస్టారు కిటికీలోంచి ఆవిడ జడనే చూస్తూ, ఈ ఊళ్లో ఇంకొన్ని వీధులుంటే ఎంత బాగుండేదో అనుకున్నారు.

మెల్లగా వెళ్తే ఆ బండికి ఇంజను చప్పుడుండదు. మొక్కలకు నీళ్లు పెడుతున్న ఒక బామ్మగారికి కనిపించిందల్లా, తల దించుకుని పోతున్న ఆడమనిషి, చడీచప్పుడూ లేకుండా ఆవిడ వెంటపడ్డ కారు, అందులో రెప్ప వెయ్యకుండా చూస్తున్న మగాడు. బామ్మగారు చేతిలో పైపు వదలకుండానే కారుకి అడ్డం పడ్డారు. ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. కూడలిలోంచి ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరమ్మా ఈయన?"

ఆవిడ మాస్టారి తడిసిన చొక్కా వైపు చూసింది. "మా ఆయన."

ఆ మాట వినగానే మాస్టారికి కళ్లు చెమర్చాయి. గండం గడిచిందనుకున్నారు. గడవలేదు. కట్టుకున్నదాన్ని ఎండలో నడిపించి తను కారులో కూర్చున్నాడా అని బామ్మగారు మళ్లీ మొదటికొచ్చారు. ఇదంతా బ్రేకుల కోసమని మాస్టారు నసిగితే, బ్రేకులు లేని బండి రోడ్డెక్కించావా అని కానిస్టేబుల్ అందుకున్నాడు. బస్టాపులో జనమంతా చేరారు. కళ్లు తుడుచుకుంటున్నాడంటే తప్పు ఒప్పుకున్నట్టేనని ఒకాయన తీర్పు కూడా చెప్పేశాడు. చివరికి బామ్మగారు ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టారు. బ్రేకుల సంగతి తనే తేలుస్తానని కానిస్టేబుల్ వెనక ఎక్కాడు.

అక్కణ్నుంచి ప్రతి మలుపులోనూ ఆపమని కేక. "గట్టిగా తొక్కండి సార్, పిల్లిని జోకొడుతున్నారా?" అన్నాడు. తొక్కారు మాస్టారు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. తొక్కేకొద్దీ కీచు సన్నగిల్లి, ఆఖరికి మాయమైంది. బ్రేకులు భేషుగ్గా ఉన్నాయని కానిస్టేబుల్ దిగిపోయాడు. మాస్టారి ముఖంలో మాత్రం కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు.

ఎదురుగా రోడ్డు చీలింది. ఎడమకి వెళ్తే అక్కగారిల్లు, కుడికి వెళ్తే సొంతిల్లు.

"కీచు పోయింది కదా, తాళం ఇవ్వండి" అంది ఆవిడ.

మాస్టారు బండి ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నారు. "ఇవ్వను. కారూ ఇవ్వను, నిన్నూ పంపను. నువ్వు లేకపోతే నా వల్ల కావట్లేదు. ఇంటికి పద."

ఆవిడ తాళం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఈ ఒక్క మాట కోసమే కదండీ, నాలుగు నెలలు అక్క చేతి చప్పిడి వంట తిన్నాను."

మాస్టారికి ధైర్యమొచ్చి, అది తుప్పేనని మెకానిక్ ముందే చెప్పిన సంగతి కూడా బయటపెట్టేశారు.

"తెలుసు. బండి నా పేరు మీద ఉంది కదా, శుక్రవారమే నాకూ ఫోన్ చేశాడు."

"మరి అన్ని వీధులు ఎందుకు నడిచావు?"

"మీరెందుకు నడిపారో, అందుకే."

మాస్టారు మళ్లీ తాళం పెట్టి, బండిని కుడికి తిప్పారు. ఆవిడ అక్కకు ఫోన్ చేసి, నడిచి నడిచి కాళ్లు పీకుతున్నాయి కాబట్టి ఈ ఒక్కపూటకి ఇక్కడే ఉంటానని, తన సామానంతా పంపించెయ్యమని చెప్పింది.